కాలికి తగిన తోలు

దీపావళి వెళ్ళిందంటే పాలమూరు పల్లెల్లో కురుమూర్తి జాతర ముచ్చట మొదలవుతుంది. చిన్నచింతకుంట మండలం అమ్మాపూర్ దగ్గరి గుట్టల్లో వెలసిన కురుమూర్తి స్వామికి కార్తీక మాసంలో బ్రహ్మోత్సవాలు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపుల నుంచి జనం ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకొని పోయేవారు, ఇప్పుడు ఆటోలూ ట్రాక్టర్లూ మాట్లాడుకొని పోతున్నారు. స్వామి నగలు వనపర్తి జిల్లా ఆత్మకూరు నుంచి ఊరేగింపుగా వస్తాయి. అయినా ఆ ఉత్సవాల్లో జనం ఎక్కువగా ఎదురుచూసేది ఉద్దాల రోజు కోసం. ఉద్దాలంటే స్వామివారి పాదరక్షలు. చిన్నవడ్డెమాన్ గ్రామంలో మాదిగ కుటుంబాల వాళ్ళు ఉపవాసముండి, నియమంతో వాటిని తోలుతో కుడతారు. డప్పుల మోత నడుమ అవి గుట్టకు చేరుతాయి. భక్తులు వాటిని తలకు తాకించుకుంటారు. తిరుమల నుంచి నడిచి వచ్చిన స్వామి పాదాలు కందిపోతే కృష్ణమ్మ పాదుకలు ఇచ్చిందని ఇక్కడి పెద్దలు కథ చెబుతారు.

ఇవాళ మీతో మాట్లాడదలచింది ఆ తోలుపని గురించి. దానితో పాటు, ఈ రోజుల్లో పెండ్లికో ఉద్యోగానికో మనం కొనే తోలు లోఫర్ల గురించి కూడా. ఈ రెండింటికీ మూలసూత్రం ఒక్కటే: ముందు కాలు, ఆ తర్వాతే తోలు.

బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు మనందరికీ తెలుసు. 2014 నుంచి అది తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఆ చెట్టు బెరడుకు పచ్చితోలును కుళ్ళిపోకుండా కాపాడే గుణం ఉంది. పల్లెల్లో తోలు ఊనిన పద్ధతి ఇది. పచ్చితోలును ముందు సున్నపు నీళ్ళలో నానబెడతారు. వెంట్రుకలు వదులై ఊడి వస్తాయి. లోపలి వైపు అంటుకున్న కొవ్వునూ మాంసాన్నీ కత్తితో గీకి, సున్నం పూర్తిగా పోయేదాకా కడుగుతారు. ఆ తర్వాత తంగేడు చెక్క, కరక్కాయ దంచి వేసిన లంద అనే తొట్టిలో నానబెడతారు. కొన్నిచోట్ల తోలునే సంచిలా కుట్టి, అందులో చెక్క రసం పోసి వేలాడదీస్తారు. రసం బొట్టుబొట్టుగా తోలు గుండా దిగుతుంది. ఈ పని రోజుల్లో తెమలదు, వారాలు పడుతుంది. లంద వాసనను ఊరంతా అసహ్యించుకుంది. ఆ లందలో చేతులు పెట్టిన వాళ్ళను ఊరి అవతలే ఉంచింది. కానీ అదే తంగేడు తోలు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి లండన్ వేలంపాటల్లో అమ్ముడుపోయింది. అక్కడి బూట్ల కంపెనీలు దానికోసం ఎదురుచూసేవి.

ఆ తోలుతో ఊళ్ళో ఏమేం తయారయ్యేవి? బావిలో నీళ్ళు తోడే మోట, ఎడ్ల మెడపట్టీలు, కాడికి కట్టే వార్లు, డప్పు మీది తోలు, చెప్పులు. మోట లేకపోతే వరిమడికి నీరు లేదు. అంటే ఊరి పంట ఈ పనివాళ్ళ చేతి మీద ఆధారపడింది. అయినా వాళ్ళకు న్యాయమైన కూలి దొరకలేదు. నిజాం కాలంలో దొరల గడీలకు చెప్పులూ, వ్యవసాయానికి కావలసిన తోలు సామానూ వెట్టిగా ఇచ్చుకోవాల్సి వచ్చేదని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో రాశారు. దొర ఎదుట చెప్పులు విడిచి చేత పట్టుకొని నిలబడాల్సిన రోజులవి. చెప్పు కుట్టిన మనిషే చెప్పు తొడుక్కోవడానికి భయపడ్డాడు. ఆ అన్యాయాన్ని మరచిపోయి ఈ విద్యను మెచ్చుకోవడం సరికాదు.

ఇక ఆ విద్యను దగ్గరగా చూద్దాం. చెప్పులు కుట్టించుకోవాలంటే ముందు పాదాన్ని తోలు మీద పెట్టాలి. బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడాలి, ఎందుకంటే కూర్చున్న కాలు వేరు, నిలబడ్డ కాలు వేరు. బరువు పడితే పాదం పొడవూ వెడల్పూ పెరుగుతాయి. బొగ్గుతోనో సుద్దతోనో చుట్టూ గీత గీస్తారు. ఒక కాలు గీసి ఊరుకోరు, రెండోదీ గీస్తారు, ఎందుకంటే ఏ మనిషికీ రెండు పాదాలూ అచ్చంగా ఒక్కలా ఉండవు. అట్టలు కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆరెతో పొడిచి, దారంతో బిగించి కుడతారు. బొటనవేలికి ఉంగటం ఎక్కడ రావాలో వేలు పెట్టించి చూస్తారు. ఉంగటం అరంగుళం వెనక్కి జరిగితే మడమ వెనక నుంచి బయటికి వస్తుంది, ముందుకు జరిగితే వేళ్ళ కొసలు ముందు అంచు దాటిపోతాయి. కొత్త చెప్పులకు ఆముదం రాసి మెత్తపరిచేవారు. ఆముదం పంట పాలమూరుకు కొత్తేమీ కాదు. పొరలు ఒరుసుకొని నడకకు కిర్రుమనే చెప్పుల్ని కిర్రుచెప్పులన్నారు.

కాలం మారింది. 20వ శతాబ్దం మొదటి ఏళ్ళలో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ ప్రభుత్వం తరఫున క్రోమ్ పద్ధతిని ప్రవేశపెట్టారు. క్రోమియం లవణాలతో ఊనితే వారాల పని రోజుల్లో అయిపోతుంది, తోలు మెత్తగా, పలుచగా వస్తుంది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ ఏర్పడింది. దాన్ని ప్రపంచస్థాయికి తెచ్చినవారు మన తెలుగు శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన ఆయన, అందరూ ముక్కు మూసుకొనే తోలుపనిని తన శాస్త్రంగా ఎంచుకున్నారు. పరిశోధనశాలలో కనిపెట్టింది తోళ్ళు ఊనే మనిషి ఇంటికి చేరాలని జీవితమంతా చెప్పారు, చేసి చూపించారు. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన్ని కోల్పోయాం.

ఇప్పుడు లోఫర్ సంగతి. ఇది నార్వే పల్లెల్లో పుట్టిన చెప్పు. ఔర్లాండ్ అనే ఊరిలో నీల్స్ ట్వెరాంగర్ అనే పనివాడు దాన్ని తీర్చిదిద్దాడు. 1936లో అమెరికాలో జి.హెచ్. బాస్ కంపెనీ వీజన్స్ పేరుతో అలాంటిదే తయారుచేసి అమ్మింది. మీగాలి మీద అడ్డంగా ఒక తోలు పట్టీ, పట్టీలో చిన్న చీలిక ఉంటాయి. ఆ చీలికలో అక్కడి విద్యార్థులు పెన్నీ నాణెం దూర్చేవారట, అందుకే పెన్నీ లోఫర్ అన్నారు.

లోఫర్‌కు లేసు లేదు, బకిల్ లేదు. లేసు బూటు వదులైతే బిగించుకోవచ్చు, లోఫర్‌కు ఆ వీలు లేదు. దాన్ని కాలికి పట్టి ఉంచేవి రెండు చోట్లు: మీగాలి మీది పట్టీ, మడమ వెనక అంచు. అందుకే మిగతా బూట్ల కన్నా దీనికి కొలత కచ్చితంగా కుదరాలి.

గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, కర్నూలుకో హైదరాబాదుకో పోయి కొన్నా ఈ సంగతులు గుర్తుపెట్టుకోండి. సాయంత్రం పూట కొనండి. మన ఎండలకు, పొద్దంతా నిలబడినందుకు పాదం కొంత ఉబ్బుతుంది. పొద్దున సరిపోయింది సాయంత్రానికి బిగుసుకుంటుంది. రెండు కాళ్ళకూ తొడగండి, పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకోండి. వేసుకొని నిలబడండి, నడవండి. బొటనవేలి మొదట్లో పాదం అన్నిటికన్నా వెడల్పుగా ఉంటుంది కదా, లోఫర్‌లో కూడా వెడల్పైన చోటు సరిగ్గా అక్కడికే రావాలి. వేళ్ళ కొసలు ముందు తోలుకు తగలకూడదు. మీగాలిని పట్టీ గట్టిగా హత్తుకోవాలి, కానీ తిమ్మిరెక్కించకూడదు. పక్క అంచులు నోరు తెరుచుకున్నట్టు విచ్చుకుంటే ఆ జత మీది కాదు.

మడమ దగ్గర కొంచెం జారితే వెంటనే వద్దనకండి. కొత్త అట్ట గట్టిగా ఉంటుంది, నడకకు వంగడం అలవాటైతే ఆ జారుడు తగ్గుతుంది. అడుగడుగునా మడమ ఊడి వస్తే మాత్రం తీసుకోవద్దు. తోలు అడ్డంగా కాస్త సాగుతుంది, పొడవు మాత్రం సాగదు. వేళ్ళు ముడుచుకుంటుంటే, వాడగా వాడగా సరిపోతుందన్న మాట నమ్మకండి. మేజోళ్ళతో వేసుకునేట్టయితే అవే తొడుక్కొని చూసుకోండి.

తోలు అసలుదా కాదా అని కూడా చూడాలి. వేలితో నొక్కితే అసలు తోలు మీద సన్నని ముడతలు లేచి సర్దుకుంటాయి. కోసిన అంచు కనిపిస్తే అక్కడ పీచు ఉంటుంది. రెక్సిన్ అయితే ఆ అంచున గుడ్డ పొర కనిపిస్తుంది. అట్ట కుట్టిందా, అతికించిందా అడగండి. కుట్టిన అట్ట అరిగితే కొత్తది వేయించుకోవచ్చు, లోఫర్ మరికొన్నేళ్ళు వస్తుంది.

నంబరు గురించి ఒక మాట. మన దుకాణాల్లో 7, 8, 9 అని చెప్పేది ఇంగ్లాండు లెక్క. ఒక నంబరుకూ పై నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, ఒక బార్లీ గింజ పొడవుగా పూర్వం లెక్కగట్టిన కొలత. అది పొడవునే చెబుతుంది, వెడల్పును చెప్పదు. చెప్పుల్లో, ఉత్త కాళ్ళతో పెరిగిన మన పాదం ముందు భాగం విచ్చుకొని ఉంటుంది. పొడవుకు 8 సరిపోయినా వెడల్పుకు చాలదు. అప్పుడు చాలామంది 9 కొని మడమ జారుతూ నడుస్తారు. ఈ ఇబ్బంది తీర్చడానికే కేంద్ర తోలు పరిశోధనా సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను యంత్రాలతో కొలిచింది. మనవాళ్ళ పాదాలు యూరప్, అమెరికా వాళ్ళ పాదాల కన్నా వెడల్పని తేలింది. ఆ కొలతలతో 'భా' అనే భారతీయ సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. ప్రతి కాలినీ తోలు మీద పెట్టి గీసిన పల్లె పనివాడు ఏనాటి నుంచో చేస్తున్న పనికి ఇన్నాళ్ళకు శాస్త్రం తోడైంది. నాయుడమ్మ గారు నడిపిన సంస్థే ఆ పని చేయడం నాకెంతో సంతోషం.

కొన్నాక కూడా ఆ పనివాళ్ళను వదలకండి. లోఫర్ బిగుతుగా ఉంటే, బస్టాండు దగ్గర చెట్టు కింద కూర్చొని చెప్పులు కుట్టే ఆయన పాదం ఆకారపు చెక్క అచ్చు పెట్టి సాగదీస్తారు. మడమ అరిగితే మార్చి ఇస్తారు. పట్టీ కుట్టు విడిపోతే అదే రంధ్రాల్లోంచి మళ్ళీ కుడతారు. ఆయన చేతి పనికి బేరమాడకుండా డబ్బివ్వండి. ఉద్దాలను తలకు తాకించుకొనే మనం, ఆయన్ని పేరు పెట్టి, మర్యాదగా పలకరించడం కూడా నేర్చుకోవాలి.

ఈసారి చెప్పులకో లోఫర్లకో వెళ్ళినప్పుడు దుకాణంలో నంబరెంత అని అడుగుతారు. వెంటనే నంబరు చెప్పేయకండి. నిలబడి, రెండు కాళ్ళూ కొలవమనండి.