నిషిదా కితారో తత్త్వచింతన

సిద్దిపేటలో కోమటిచెరువు గట్టున సాయంకాలము నిలుచున్నవానికి, పడమటి యెరుపు నీటిపై పరచుకొన్న క్షణమున, 'నేను చూచుచున్నాను' అను తలపు మొదట కలుగదు. ఆ యెరుపు మాత్రమే యుండును. చూచువాడు, చూడబడునది యను విభాగము తరువాత వచ్చును. ఆ తొలి క్షణమునుండియే జపాను తత్త్వవేత్త నిషిదా కితారో తన విచారణ నారంభించెను.

ఆయన 1870లో కనజవా సమీపమున జన్మించెను. జెన్ బౌద్ధమును పాశ్చాత్యులకు పరిచయము చేసిన సుజుకి ఆయనకు విద్యార్థిదశనాటి మిత్రుడు. నిషిదా ఏండ్ల తరబడి జెన్ ధ్యానమును సాధన చేసెను. పాశ్చాత్య గ్రంథములను శ్రద్ధతో చదివెను. 1910లో క్యోటో విశ్వవిద్యాలయమున అధ్యాపకుడై, మరుసటి యేట తన తొలి గ్రంథమును ప్రకటించెను. అందు, అమెరికా తాత్త్వికుడు విలియం జేమ్సు వాడిన 'శుద్ధానుభవ'మను మాటను గ్రహించి, దానికి క్రొత్త లోతును కల్పించెను.

ఇది పడమటి తర్కమును, తూర్పు ధ్యానమును చెరిసగము కలిపిన మిశ్రమమా? కాదు. ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్టు ఆలోచించు 'నేను'ను పునాదిగా గొనెను. నిషిదా దృష్టిలో ఆ 'నేను' సైతము అనుభవమునుండి తేలివచ్చినదే.

1926లో ఆయన మరియొక అడుగు వేసెను. చెంబు గదిలో, గది యింటిలో నున్నట్లు, ప్రతిదానికిని ఒక చోటు కావలయును. ఎరుపునకు రంగులు, రంగులకు మన యెరుక చోటు. అన్నిటికిని చోటైన కడపటిది మరియొక వస్తువు కాజాలదు. దానినే ఆయన పరమశూన్యమనెను.

శూన్యమను మాట మనకు క్రొత్తది కాదు. మన పరంపర కృష్ణాతీరపు నాగార్జునకొండతో ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుని గ్రంథములు కుమారజీవుని చీనా అనువాదముల ద్వారా జపాను చేరినవి. అయినను రెండు శూన్యములు నొక్కటే యనుట తొందరపాటు. వస్తువులకు స్వతంత్రమైన స్వభావము లేదని నాగార్జునుడు చూపెను. ఆ వస్తువులు వెలయు చోటును నిషిదా వెదకెను.

ఈ వెదకులాట పుస్తకములనుండి మాత్రమే పుట్టలేదు. 1904లో తమ్ముడు యుద్ధమున మరణించెను. 1907లో ఇద్దరు కుమార్తెలు, 1920లో పెద్దకుమారుడు, 1925లో భార్య గతించిరి. తత్త్వశాస్త్రము విస్మయమున పుట్టెనని గ్రీకులు చెప్పిరి. జీవితపు గాఢవిషాదమే దానికి మూలమని నిషిదా తలచెను.

ఆయన 1945 జూనులో కన్నుమూసెను. యుద్ధకాలమున రాజ్యమునుగూర్చి ఆయన వ్రాసినవి నేటికిని వివాదాస్పదములే. వానిని మరువరాదు. కాని ఆ తొలి ప్రశ్న దూరదేశపు పండితునిది మాత్రమే కాదు. ఇంట నొకరిని పోగొట్టుకొని చెరువుగట్టున ఒంటరిగా కూర్చున్నవారెవరైనను దానిని తమలో తా మడిగియే యుందురు.