ఖరాబు అని వ్రాసిన గుట్టలు



గ్రామ లెక్కలు వ్రాయువానికి గుట్ట యనగా ఒక్క మాటయే: ఖరాబు. పంట లేదు, శిస్తు లేదు. ఆ మాట శిస్తుకు సరిపోవును గాని గుట్టకు సరిపోదని మనవి చేయుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

ఓరుగల్లు అను పేరే ఒక రాతినుండి పుట్టినది. కోటలోని ఆ ఏకశిలయు, చుట్టునున్న గ్రానైటు గుట్టలును, సుమారు 250 కోట్ల ఏండ్ల క్రిందట భూగర్భమున కరగియున్న శిల చల్లారి గట్టిపడగా ఏర్పడినవి. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల ఏండ్లని పురాణములలో చదివిన మనకు ఈ సంఖ్య వింత కాదు. ఆ రాయి ఎండకు వానకు చివికి, అందలి పలుగు ఇసుకగాను, తక్కినది చాలవరకు బంకమన్నుగాను మారినది. మన చల్కలు అట్లు పుట్టినవే. ఖరాబు గుట్టయే పట్టా భూమికి తల్లి.

గ్రానైటు చీలికలలోనికి పిదప మరియొక కరగిన శిల క్రిందినుండి చొచ్చి, నల్లని గోడలవలె నిలిచినది. దీనిని డోలరైటు అందురు. కాకతీయుల శిల్పులు రాతి గుణమెరిగినవారు. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడికి గోడలు ఎఱ్ఱని ఇసుకరాయి, మదనికలు నల్లరాయి, శిఖరమునకు నీటిపై తేలు ఇటుకలు. యునెస్కోవారు 2021లో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. పాఖాలలో గుట్టల నడిమి సందును కట్టతో మూసి చెరువు చేసిరి. అచట గుట్టయే సగము కట్ట.

ఇల్లెందు కడ 1871లో విలియం కింగ్ బొగ్గు కనుగొనెను. 1953లో ఖమ్మం వేరుపడువరకు ఆ ఊరు మన జిల్లాలోనిదే. బొగ్గు సంగతి అందరును ఎరిగినదే గనుక నీటి సంగతి చెప్పెదను.

గట్టి గ్రానైటు తనలో నీరు నిలుపదు. పైని చివికిన పొరలోను, చీలికలలోను మాత్రమే నీరుండును. నల్లరాతి గోడ అడ్డుపడినచోట అది పలుమార్లు భూమిలోని నీటికి కట్టయగును. ఎగువ బావిలో నీరుండగా దిగువ బావి ఎండుటకు ఇదియొక కారణము. నేడు పలుచోట్ల గుట్టలను పలకలుగా కోసి పంపుచున్నారు. దానివలన కూలి దొరకుచున్నది, కాదనను. కాని కోతకు ముందు, ఆ గుట్టపై పడిన వాన ఏ వాగున దిగి ఏ చెరువు చేరుచుండెనో ఎవరైన వ్రాసి యుంచిరా? మన పహాణీలో ఆ నీటికి గడి లేదు.

కావున ఈ రజతోత్సవ సమయమున నాదొక మనవి. మన గుట్ట, దానిపై నల్లరాతి చారలు, వాగులు, చెరువు, బావులు, అన్నియు ఒకే పటమున గీచి ఈ గ్రంథాలయమున ఉంచుదము. పటము గీయుట నా వంతు. చైత్రమున ఒకసారి, ఆశ్వయుజమున ఒకసారి బావులలో నీటి మట్టము కొలుచుటకు ఇరువురు యువకులు కావలెను. తాడు నేనే తెచ్చెదను.