మండపంలో మాట వినబడాలి

(జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవ సందర్భంగా ఆలయ ముఖమండపంలో చేసిన ప్రసంగ పాఠం)



స్వామివారు బాలాలయం నుండి మరల గర్భాలయానికి వేంచేశారు. అష్టబంధనం పూర్తి అయినది. విమాన శిఖరానికి కుంభాభిషేకం కన్నులపండువుగా జరిగినది. ఇందుకు ద్రవ్యమిచ్చినవారి పేర్లు, చెమటోడ్చినవారి పేర్లు ఈ సంచికలోనే వేరే పుటలలో ఉన్నవి గనుక నేను వాటిని తిరిగి చదవను. నిర్వాహకులు నన్ను ఆలయ వైభవాన్ని గురించి మాట్లాడమన్నారు. వారు మన్నింతురుగాక, నేను మనం కూర్చున్న ఈ మండపాన్ని గురించి మాత్రమే మాట్లాడదలచాను.

గత సంవత్సరం పనివారు స్తంభాలపై తరతరాలుగా పేరుకున్న సున్నాన్ని గీకుతుండగా ఈశాన్య మూలనున్న స్తంభంపై అక్షరాలు బయటపడినవి. ఆ వార్త క్షణంలో వీధులన్నీ చుట్టివచ్చినది. నేను వచ్చేసరికి ఎనిమిదవ తరగతి చదివే ఒక అమ్మాయి ఆ రాతిపై వ్రేలు పెట్టి నిలబడి ఉన్నది. “తాతగారూ, ఇందులో ఏమి వ్రాసి ఉన్నది?” అని అడిగినది. ముప్పది నాలుగు సంవత్సరాలు తెలుగు పాఠాలు చెప్పినవాడను. “స్వస్తిశ్రీ” అన్నంతవరకు చదవగలిగాను. ఆ తరువాత నా పాండిత్యం సాగలేదు. చుట్టూ ఉన్న పెద్దలు నా ముఖం చూశారు, నేను రాతిని చూశాను. మేస్త్రీ మాత్రం, “అయ్యగారూ, ఇసుక చిమ్మే యంత్రం తెప్పిస్తే ఒక్క పూటలో అద్దంలా చేసి ఇస్తాను” అన్నాడు.

అతని తప్పు ఏమీ లేదు. నునుపు చేయమని మనమే చెప్పాము. ఇసుకను గాలి వేగంతో కొట్టినప్పుడు సున్నంతోపాటు రాతి పైపొర కూడా లేచిపోతుంది, దానితో అక్షరమూ పోతుంది. వేరొక ఊరి ఆలయంలో అటువంటి స్తంభాలను నేను చూచి ఉన్నాను. చేతితో తడిమితే పళ్ళెంలా ఉన్నవి. అక్కడ ఏ దాత ఏమి ఇచ్చాడో, ఎవరి పేర ఇచ్చాడో ఇక బ్రహ్మకైనా తెలియదు. మన స్తంభం ఆ ఆపద దాటినది. ఆ పని ఆపినవారు కమిటీ పెద్దలు కారు, నేనూ కాను. ఆ బాలిక అడిగిన ప్రశ్న వలన ఆగినది. ఆమె అడగకపోతే నేను కూడా “శుభ్రంగా చేయించండి” అనే ఇంటికి వెళ్ళి ఉండేవాడిని.

దాతలారా, మీకు ఒక పాత సంగతి మనవి చేస్తాను. ఏడవ శతాబ్దంలో పల్లవరాజు మొదటి పరమేశ్వరవర్మ వేయించిన కూరం తామ్రశాసనంలో ఊరి ఆదాయాన్ని భాగాలుగా పంచారు. అందులో మండపానికి నీరు, నిప్పు సమకూర్చేవారికి ఒక భాగం, ఆ మండపంలో భారతం చదివి వినిపించేవారికి ఒక భాగం. చూచారా! మండపం కట్టించి ఊరుకోలేదు. అందులో దాహానికి నీరు ఎవరు తెస్తారు, మాట ఎవరు చెబుతారు అని ఆలోచించి, వారి గ్రాసానికి ఏర్పాటు చేశారు.

మన దేశంలో మరింత గొప్ప సాక్ష్యం ఉన్నది. గుంటూరు జిల్లా మందడం దగ్గర మల్కాపురంలో శక సంవత్సరం 1183, అనగా క్రీ.శ. 1261 నాటి శాసనం నిలిచి ఉన్నది. కాకతి రుద్రమదేవి కాలంలో, విశ్వేశ్వర శివాచార్యులు అనే గురువు తనకు లభించిన గ్రామాల ఆదాయంతో ఆలయం, మఠం, సత్రం నడిపించాడు. ఋగ్యజుస్సామ వేదాలు చెప్పడానికి ముగ్గురు, తర్కసాహిత్యాగమాదులు బోధించడానికి ఐదుగురు, వీరుగాక ఒక వైద్యుడు, ఒక లేఖకుడు. ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు కూడా ఏర్పాటు ఉన్నది. సత్రంలో అన్నానికి కులభేదం లేదని కూడా చెప్పబడినది. నేడు రాష్ట్ర సచివాలయం ఉన్న వెలగపూడి పేరు కూడా ఆ శాసనంలోనిదే. ఆ దారిన ప్రతిదినం ఎందరో వెళుతుంటారు, ఆ రాతి దగ్గర ఆగేవారు తక్కువ.

నా బాల్యంలో ఇదే మండపంలో చాతుర్మాస్యమంతా పురాణ కాలక్షేపం జరిగేది. ఆముదపు దీపం, వ్యాసపీఠం, ప్రక్కన చెంబుతో నీళ్ళు. చదువు రాని రైతులు పద్యం సగంలో అందుకొని పూర్తి చేసేవారు. హరికథ జరిగిన రాత్రి ఇళ్ళకు తాళాలు వేసుకొని వచ్చేవారు. ఆదిభట్ల నారాయణదాసుగారి కథను స్వయంగా విన్నవారు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. వారు ఏ కొత్త భాగవతార్‌నూ అంత తేలికగా మెచ్చేవారు కారు! తరువాత రేడియోలో ఉషశ్రీగారి గొంతు ఇంటింటా రామాయణం వినిపించినది. అదీ మంచిదే. అయితే రేడియోను ఎదురు ప్రశ్న అడగలేము, ప్రక్కవాని కన్నీరు చూడలేము.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ బాల్యస్మృతి నాకు తీపిదే కాని, ఆనాటి మండపంలో ఊరందరికీ చోటు లేదు. కొందరు ప్రాకారం వెలుపల, వీధిలో నిలబడి వినేవారు. వాన వస్తే తడిసేవారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చినది. చట్టం వచ్చిన చాలా కాలానికిగాని కాలు లోపల పెట్టే ధైర్యం రాలేదు. అందువలన “పూర్వవైభవం పునరుద్ధరిద్దాము” అని ఎవరైనా అంటే నేను సగమే తల ఊపుతాను.

ఆ లోపాన్ని కొంత తీర్చినవి మన గ్రంథాలయాలు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలసినవి. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూరా తిరిగి ఆ ఉద్యమానికి జీవితమే ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు. వినదలచినవారు రాలేకపోతే మాటే వారి రేవుకు వెళ్ళాలన్నది ఆ పెద్దల పట్టుదల.

ఇక నా అపజయం చెబుతాను. పదిహేనేళ్ళ క్రితం ఇక్కడే నాలుగు శనివారాల ఉపన్యాసాలు ఏర్పాటు చేశాను. మొదటివారం పదకొండుగురు వచ్చారు. మూడవవారం నలుగురు, అందులో ఒకరు మైకు అబ్బాయి. నాలుగవది జరగలేదు. ఊరివారికి ఆసక్తి లేదని చాలాకాలం నిష్ఠూరమాడాను. ఇప్పుడు ఆలోచిస్తే తప్పు నాదే. జ్యోతి ప్రజ్వలనకు, శాలువాలకు, వందన సమర్పణకు నలభై నిమిషాలు. తరువాత నేను ఊపిరి తీసుకోకుండా రెండు గంటలు. ప్రశ్న అడగబోయిన ఒక అమ్మగారిని “చివరన చూద్దాము తల్లీ” అన్నాను. చివరికి ఆమె ఉండలేదు, పొయ్యి మీద ఎసరు ఆగదు కదా!

స్తంభం మీది అక్షరాల దగ్గర మాత్రం ఎవరూ పిలవకుండానే జనం చేరారు. శాసనాలు చదవడం నేర్చిన ఒక మిత్రుడు రెండు ఆదివారాలు వచ్చి చూపించారు. తడిపిన కాగితాన్ని రాతిపై పరచి, కుంచెతో అదిమి, సిరా అద్దితే నల్లని నేలపై తెల్లని అక్షరాలు లేస్తాయి. ఇటువంటి ప్రతులనే మైసూరులోని పురాతత్త్వ శాఖవారు సేకరించి భద్రపరుస్తున్నారు. ఆయన పిల్లలకు శాసనాలలోని సంఖ్యల ఆట నేర్పారు. చంద్రుడు 1, నేత్రాలు 2, అగ్నులు 3, వేదాలు 4. “వేదాగ్నినేత్రచంద్ర” అని ఉంటే వెనుక నుండి చదవాలి, శకం 1234. దానికి 78 కలిపితే క్రీ.శ. 1312. ఆ రాత్రి మా వీధిలో పిల్లలు తమ పుట్టిన సంవత్సరాలను ఋతువులతో, బాణాలతో, వసువులతో చెప్పుకుంటూ తిరిగారు. కిరాణా కొట్టాయన కూడా తన పుట్టిన సంవత్సరం కట్టించుకున్నాడు.

ఇంతకూ మీముందున్న విషయం ఇది. ఈ మండపాన్ని శుభకార్యాలకు అద్దెకు ఇవ్వాలని ఒక ప్రతిపాదన వచ్చినది. ఆలయానికి రాబడి అవసరమే, కరెంటు బిల్లు భక్తితో చెల్లదు. కాని వారంలో ఆరు రోజులు అద్దెకిచ్చి, శనివారం సాయంత్రం మాత్రం ఊరి చదువుకు విడిచిపెట్టాలని నా విన్నపం. మండల దీక్ష నలభై ఎనిమిది రోజులు ముగిసిన పిమ్మట కమిటీ తీర్మానం చేస్తుంది. అంతకుముందే మీ అభిప్రాయం వ్రాసి ఇవ్వండి. గ్రానైటుకు, తోరణాలకు ఇచ్చిన దాతలను కూడా అడుగుతున్నాను: కొంత సొమ్ము శాశ్వత నిధిగా బ్యాంకులో ఉంచండి. దాని వడ్డీతో వక్త దారిఖర్చు, పిల్లల పలకలు, దీపం ఖర్చు గడుస్తాయి. ఒక వారం శాసనం, ఒక వారం భారతం, ఒక వారం మధుమేహం గురించి వైద్యుడు, ఒక వారం భూమి పత్రాలు చదవడం గురించి ఒక న్యాయవాది. మాట నలభై నిమిషాలు, ప్రశ్నలు ఇరవై నిమిషాలు. శాలువాలు వద్దు. ఏ ఇంటివారైనా, ఏ వీధివారైనా లోపలే కూర్చోవాలి.

స్తంభం మీది మొదటి నాలుగు పంక్తులు ఇప్పటికి చదవగలిగాము. ఐదవ పంక్తి నడుమ రాయి పెచ్చులూడినది. అక్కడ దానమిచ్చినవారి పేరు ఉండాలి. ఆ అమ్మాయి ఒక అక్షరం “ఱ” అంటున్నది, నేను కాదంటున్నాను. రాబోయే శనివారం సాయంత్రం ఆరున్నరకు, హారతి అయిన వెంటనే స్తంభం దగ్గర చేరుదాము. ఒక టార్చిలైటు, ఒక పెన్సిలు, గీతలు లేని నోటు పుస్తకం తెచ్చుకోండి.