రూములో మతం మాట వచ్చినప్పుడు

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం, సలాం, వందనాలు. మన రూముల్లో మూడూ నడుస్తయి కాబట్టి మూడూ చెప్పిన.

నేను ఒమన్ వచ్చిన కొత్తలో సోహార్ క్యాంపులో ఉన్న. మా రూములో కడప నుంచి వచ్చిన ముస్లిం అన్న ఒకాయన ఉండె. బక్రీద్ నాడు గిన్నె నిండా కూర తెచ్చి "తినప్పా" అన్నడు. అది పెద్దకూర, నేను తినను. చెప్తే బాధపడతడని "కడుపు నొప్పి అన్నా" అని అబద్ధమాడిన. పాపం, ఆ ఎండలో నడిచిపోయి తన పైసలతో మందు తెచ్చిండు. మళ్లీ ఏడు బక్రీద్‌కు నాకు మళ్లీ అదే నొప్పి! అప్పుడు ఆయనకు సంగతి తెలిసింది. "తిననని చెప్పింటే కోడికూర చేసుంటి గదప్పా, నా మీద నమ్మకం లేదా?" అన్నడు. ఆ మాట చానా రోజులు గుచ్చుకున్నది.

తినను అని చెప్పుడు అవమానం కాదు. "ఛీ, అదెట్ల తింటరు" అనుడు అవమానం. ఈ రెండింటికీ తేడా తెల్వకనే మనం దాచుకుంటం. ఇంకో రూములో గోదావరి తమ్ముడు ఒకడు, చర్చికి పోయేటోడు, ప్రసాదం వద్దనలేక తీసుకుని దిండు కింద పెట్టిండు. రాత్రికి చీమలు. తెల్లారి పెద్ద లొల్లి, రెండు నెలలు మాటల్లేవు. ముందే "నేను తీసుకోనన్నా, ఏమనుకోకు" అంటే అక్కడికి అయిపోవు.

తెల్వనిది అడగండి కూడా. ఒమానీల్లో చాలామంది ఇబాదీలు, నమాజులో చేతులు కిందికి వదిలి నిలబడతరు. మన హైదరాబాద్, కడప వాళ్లు చేతులు కట్టుకుంటరు. ఒకే మసీదులో, పక్కపక్కనే. ఎందుకట్ల అని మా ఒమానీ డ్రైవర్‌ను అడిగితే సంతోషంగా చెప్పిండు. తర్వాత ఆయన "మీకు అంతమంది దేవుళ్లు ఎందుకు?" అన్నడు. తెలిసినంత చెప్పిన, మిగతాది తెల్వదు అన్న. పదో తరగతి చదివినోణ్ని, పంతులును కాను గదా.

ఒకటి మాత్రం జాగ్రత్త. ఈ దేశంలో 2018 నాటి శిక్షాచట్టం 269వ ఆర్టికల్ ప్రకారం ఇస్లాంను, ఖురాన్‌ను, ప్రవక్తను కించపరిస్తే 3 నుంచి 10 ఏళ్ల జైలు. ఊరి గ్రూపుల్లో వచ్చే చెత్త ఇక్కడ ఫార్వర్డ్ చేస్తే, పంపినోడు ఊర్లో ఉంటడు, ఇరుక్కునేది నువ్వు. సర్కారు అనుమతి ఉన్న గుళ్లలో, చర్చిల్లో మన పూజకు, ప్రార్థనకు అడ్డు లేదు. మస్కట్‌లో శివాలయం ఉంది, దార్సైత్‌లో కృష్ణ మందిరం, రూవిలో చర్చిలు ఉన్నయి. సెలవు నాడు ఎక్కడికి పోతున్నవో రూములో చెప్పే పో.

ఆ కడప అన్న ఇప్పుడు ఊర్లోనే ఉన్నడు. ప్రతి బక్రీద్‌కు ఫోన్ చేస్తడు. ఎత్తంగనే మొదటి మాట: "కడుపు ఎట్లుందప్పా?"