మార్చిన మోటారుబండి – పెట్రోలు ఒత్తిడి



మన విజయనగర, శ్రీకాకుళ ప్రాంతములలో పాత బండిని పారవేయువారు తక్కువ. చట్రము గట్టిగా నున్నంతకాలము వేరొక యింజను నెక్కించి నడిపించెదరు. ఇది క్రొత్త విద్య కాదు. 1939 మొదలు 1945 వరకు జరిగిన యుద్ధకాలమున పెట్రోలు దొరకక, బస్సుల వెనుక బొగ్గుపొయ్యిలు కట్టి ఆ వాయువుతో నడిపిన సంగతి మీ పెద్దలు చెప్పగా వినియే యుందురు. అయితే, 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి ఇట్టి మార్పునకు రిజిస్ట్రేషను అధికారి యనుమతి ముందుగా పొందవలెను. మనవారు తరచుగా మరచునది ఇదియే.

లారీలకు పేరొందిన సాలూరులో ఒక జీపును పరీక్షించు నవకాశము నాకు కలిగెను. కొండమీది పల్లెలనుండి రోగులను ఆసుపత్రికి దింపుటకు అది ఉపయోగపడుచుండెను. కార్బురేటరు గల పాత యింజనును తీసి, ఇంజెక్షను పద్ధతి గల పెట్రోలు యింజను నమర్చిరి. విజయనగరము పోయి వచ్చునపుడు బండి చక్కగా నడచును. సుంకి వైపు ఘాటీ యెక్కునపుడు మాత్రము దగ్గి, త్రుళ్ళి, ఆగిపోవును. పంపు రెండుమార్లు మార్చిరి, గుణము లేదు. యజమాని విసిగి బండి నమ్మజూచుచుండెను. అమ్మినచో ఆ పల్లెలవారికి మరల డోలీయే గతి. రోగి క్రిందికి రావలెనన్న బండి మొదట పైకెక్కవలెను గదా!

కార్బురేటరునకు చదరపు అంగుళమునకు 3 మొదలు 5 పౌండ్ల ఒత్తిడి చాలును. ఇంజెక్షను యింజనుకు సాధారణముగా 40 పౌండ్లకు పైబడి కావలెను. కావున మొదట చేయదగినది ఊహించుట కాదు, కొలుచుట. పెట్రోలు గొట్టమునకు ఒత్తిడి చూపు గేజి తగిలించితిమి. (గొట్టము విప్పుటకు ముందు లోని ఒత్తిడిని దింపవలెను. దరిదాపుల చుట్టయు, బీడియు ఉండరాదు. ఇది మర్యాదకై చెప్పుమాట కాదు.)

నిలిచియున్న బండిలో ముల్లు 43 వద్ద నిలిచెను. ఇంజను నాపి కొంతసేపు చూచితిమి, దిగలేదు. మీ బోరు మోటారు ఆపగానే గొట్టములోని నీరు జారిపోయినచో ఫుట్‌వాల్వును అనుమానింతురు గదా, ఇచ్చటను అట్లే. ముల్లు దిగియుండినచో, ట్యాంకుకు మరలివచ్చు రబ్బరు గొట్టమును మెల్లగా నొక్కి చూడవలెను. అప్పుడు నిలిచిన, దోషము రెగ్యులేటరుది. పంపునుండి వచ్చు గొట్టమును నొక్కగా నిలిచిన, పంపు వాల్వుది. రెంటికిని నిలువనిచో ఇంజెక్టరు కారుచున్నదేమో చూడవలెను. ఈ జీపునకు ఆ బాధ లేదు.

పిమ్మట కరెంటు. వేసవిలో వోల్టేజి లేక మోటారు మూలుగుచు నీరెత్తని సంగతి మీకు తెలియనిది కాదు. పాత బండి సన్నని తీగెలకు క్రొత్త పంపును తగిలించిన అదే జరుగును. బ్యాటరీ యొద్దను, పంపు యొద్దను కొలిచితిమి. అరవోల్టు భేదమైనను లేదు.

ఇక దారియే చెప్పవలెను. గేజిని ముందరి అద్దమునకు వెలుపల, డ్రైవరునకు కనబడునట్లు కట్టి ఘాటీ యెక్కించితిమి. గేజిని బండి లోపల నుంచరాదు. గొట్టమూడిన పెట్రోలు మనుష్యులమీద పడును. నిట్టయెత్తు వచ్చుసరికి ముల్లు వణకెను, పిమ్మట కూలెను. ఆ వణకుటయే ఆనవాలు. ఫిల్టరు పూడినచో యింజను బరువు లాగుకొలది ఒత్తిడి మెల్లగా తగ్గును. వణకినదన్న పంపు గాలిని పీల్చుచున్నదని అనుమానింపవలెను.

ట్యాంకు పాతదే. లోపల అడ్డుగోడలు లేవు. పీల్చు గొట్టము ముందువైపున నున్నది. సగము పెట్రోలుతో నెక్కునపుడు ద్రవమంతయు వెనుకకు పోయి గొట్టపు మూతి బయటపడుచున్నది. మరి పాత యింజను ఇన్నియేండ్లు ఎట్లు ఎక్కినదని యజమాని ప్రశ్నించెను. మంచి ప్రశ్న. కార్బురేటరులో పెట్రోలు నిలువయుండు చిన్న తొట్టి కలదు. క్షణకాలము గాలి వచ్చినను అది కాపాడును. కార్బురేటరును తీసినపుడు ఆ తొట్టియు పోయినది. ట్యాంకు లోపము పాతది, బయటపడుట క్రొత్తది. నింద మాత్రము పంపు మోసినది!

మొదట ట్యాంకు నిండుగా నింపి నడుపుమంటిమి; ఆగలేదు. తరువాత లీటరు పట్టు చిన్న పాత్ర నమర్చి, పాత చిన్న పంపు దానిని నింపునట్లును, పెద్ద పంపు దానినుండి తీసికొనునట్లును, మిగిలిన పెట్రోలు దానిలోనికే మరలునట్లును, నిండి పొరలినది ట్యాంకు చేరునట్లును ఏర్పరచితిమి. నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్ళవరకు ఇథనాలు కలియుచున్నది గనుక, దానికి తాళజాలని పాత రబ్బరు గొట్టములను సైతము మార్చితిమి. పాత్రకును గొట్టములకును అయిన వ్యయము ఒక పంపు వెలకు లోబడియే యున్నది. పావు ట్యాంకుతో ఘాటీ యెక్కించి చూచితిమి. ముల్లు 43 విడువలేదు. యజమాని బండి నమ్ముమాట మరల ఎత్తలేదు.