పనిలో పని: క్లచ్ మార్చబోయి కారంతా విప్పిన కథ

ఈసారి కాంక్రీట్ కాదు, కారు గురించి. రెండింటికీ పెద్ద తేడా లేదులెండి. పాత ఇల్లైనా పాత కారైనా విప్పేదాకా లోపల ఏముందో తెలీదు.

మా సైట్‌లో ఫార్మ్‌వర్క్ చూసే తమ్ముడొకడు, తెనాలి వాడు, 1971 ఎంజీబీ కొన్నాడు. రెండు సీట్లు, గుడ్డ టాపు. ఆరు వేల డాలర్లు. వాళ్ల నాన్న అంబాసిడర్ టాక్సీ నడిపేవాడట. ఎంజీబీకీ అంబాసిడర్‌కీ సంబంధమేంటంటారా? మన పాత పెట్రోల్ అంబాసిడర్‌లో ఉన్నది 1489 సీసీ బీఎంసీ బీ-సిరీస్ ఇంజిన్. దీనిలోదీ అదే కుటుంబం, 1798 సీసీ. బానెట్ ఎత్తగానే మావాడికి వాళ్ల నాన్న బండి గుర్తొచ్చింది. ఇక బేరం ఏమాడతాడు?

క్లచ్ జారుతోంది. "ఐదొందల్లో అయిపోద్దన్నా, శని ఆదివారాల పని" అన్నాడు. అయితే ఎంజీబీలో గేర్‌బాక్స్‌ని కింద నుంచి దించడం కుదరదు. క్లచ్ ప్లేట్ మార్చాలన్నా ఇంజిన్ బయటికి రావాల్సిందే. సరే, హాయిస్ట్ అద్దెకు తెచ్చాం. బండి లేపుదామని సిల్ కింద జాకీ పెట్టి తిప్పితే బండి లేవలేదు, జాకీయే కరకరమంటూ రేకులోకి దిగబడింది.

ఒంటారియోలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ పుణ్యమే. ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. పైకప్పు కూడా లేదు కాబట్టి బలమంతా తలుపుల కింద ఉండే సిల్స్‌లోనే. అవి లోపల, మధ్య, బయట మూడు పొరలు. బయట పొర మీద ఎవరో పుట్టీ పెట్టి రంగు కొట్టేశారు. తడిసిన గోడకి సున్నం కొట్టి అమ్మినట్టు!

ఇక్కడ వెల్డింగ్ షాపులో గంటకి 110 డాలర్లు. రెండు వైపులకీ 60 గంటలన్నాడు. 6,600, పైన 13 శాతం హెచ్‌ఎస్‌టీ. ఏడున్నర వేలకి దగ్గర, అంటే బండి ధర దాటిపోయింది. విజయవాడ ఆటోనగర్లో అయితే టింకరింగ్, లేత్, పెయింట్ అన్నీ నాలుగడుగుల్లో ఉంటాయి, కూలీ తక్కువ. ఇక్కడ సామాను చవక, మనిషి గంట ఖరీదు.

ఈ ఖర్చు తప్పదు. సిల్స్ పుచ్చితే సేఫ్టీ సర్టిఫికెట్ రాదు, గుద్దుకుంటే మనిషి మిగలడు. ఒక్కటే చెప్పాను: కోసేముందు తలుపు సందుకి అడ్డంగా స్టీల్ ట్యూబ్ వెల్డ్ చేయించు. సపోర్టులు పెట్టకుండా స్లాబ్ కింద పిల్లర్ కొట్టేస్తామా? కారూ అంతే, మధ్యలో కుంగిందంటే ఆ తలుపు ఇక జన్మలో సరిగా పడదు.

ఇంజిన్ బయటే ఉంది కాబట్టి వెనక ఆయిల్ సీల్ మార్చడం న్యాయమే. చిన్న సామాను, తర్వాత కావాలంటే మళ్లీ ఇంజిన్ దించాలి. క్లచ్ రిలీజ్ బేరింగ్ కూడా అంతే, అది కార్బన్‌ది, అరిగిపోయేదే.

అసలు గండం ఇక్కడ మొదలైంది. ఖాళీ ఇంజిన్ బే చూసి "పనిలో పని, రంగు కొట్టిద్దామన్నా" అన్నాడు. లోపల కొడితే బయట పాతగా కనపడుద్ది. బయట కొడితే బంపర్లకి క్రోమ్. క్రోమ్ వేస్తే చక్రాలు, ఆపైన సీట్లు. గోచీ సన్యాసి కథ తెలుసుగా, ఎలుకల కోసం పిల్లి, పిల్లికి పాల కోసం ఆవు. పెయింట్ ఒక్కదానికే తొమ్మిది వేల కొటేషన్ తెచ్చాడు.

ఆ తొమ్మిది వేలు ఎక్కడివో నాకు తెలుసు. సంక్రాంతికి నలుగురూ ఊరెళ్లడానికి దాచినవి. వాళ్లమ్మ రెండో మనవరాల్ని ఇంతవరకూ ఫోన్లోనే చూసింది.

సైట్‌లో క్లయింట్ మధ్యలో ఏదైనా అడిగితే నేను కాదనను, ఛేంజ్ ఆర్డర్ రాసి, రేటు వేసి, సంతకం పెట్టమంటాను. సగం మంది అక్కడే ఆగిపోతారు. తమ్ముడి దగ్గర కూడా కాగితం తీశాను. పని పేరు, ఖర్చు, పక్కన ఇంకో గడి: "ఈ డబ్బు దేనిది?" పెయింట్ వరస దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత "వాళ్లావిడ సంతకం కూడా కావాలా అన్నా?" అన్నాడు, తన గురించే ఎవరో మనిషి అన్నట్టు. కావాలన్నాను.

ఇప్పుడు బండి గ్యారేజ్‌లో స్టాండ్ల మీద ఉంది, సిల్స్ అయ్యాయి, ప్రైమర్ బూడిద రంగులోనే ఉంది. సేఫ్టీ కాగితం 36 రోజులే చెల్లుద్ది కాబట్టి రోడ్ల మీద ఉప్పు కడుక్కుపోయాకే చూపిద్దామని ఆపాం. టికెట్లు మాత్రం నిన్న బుక్ అయ్యాయి, నాలుగూ.