ఏది రాదో చెప్పండి



మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు విషయం కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఆయన పై తరగతులు ఇస్తామన్నా వెళ్లకుండా చివరిదాకా చిన్న తరగతులకే పాఠం చెప్పారు. స్టాఫ్ రూములో ఎవరైనా ‘వీడికి చదువు రాదండీ’ అంటే, ‘ఏది రాదో చెప్పండి’ అని అడిగేవారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు కోసం నూరేళ్లకు పైగా కొందరు పడ్డ శ్రమ ఉంది. దాన్ని తప్పుదారి పట్టించినవాళ్లూ ఉన్నారు. ఆ కథే ఈ సాయంత్రం చెప్తాను.

కథ పారిస్‌లో మొదలవుతుంది. 1882లో ఫ్రాన్సు పిల్లలందరికీ చదువు తప్పనిసరి చేసింది. అంతకుముందు పాఠం ఎక్కని పిల్లలు పొలానికో పనికో వెళ్లిపోయేవారు, వాళ్ల సంగతి ఎవరికీ పట్టేది కాదు. చట్టం వచ్చాక వాళ్లూ తరగతిలోనే కూర్చున్నారు. వీళ్లను ఏం చేయాలో తేల్చమని 1904లో విద్యాశాఖ ఒక సంఘాన్ని వేసింది. అందులో సభ్యుడు ఆల్‌ఫ్రెడ్ బినే. ఆయనకు ముందుగా కనబడింది పిల్లల లోపం కాదు, పెద్దల తీర్పుల్లోని గందరగోళం. ఒకే పిల్లవాడికి ఒక డాక్టరు ఒక పేరు పెడితే ఇంకో డాక్టరు ఇంకో పేరు పెట్టేవాడు. అల్లరి చేసేవాణ్ణి వదిలించుకోవడానికి ‘మందమతి’ అని రాసి పంపే ప్రమాదమూ ఉంది.

అందుకని బినే, ఆయనతో పనిచేసిన యువ వైద్యుడు థియోడర్ సిమోన్ కలిసి 1905లో 30 చిన్న పరీక్షలు తయారుచేశారు. సులువు నుంచి కష్టానికి వరస. మొదటిది, వెలుగుతున్న అగ్గిపుల్లను కదిలిస్తుంటే పిల్లవాడి చూపు దాని వెంట వెళ్తుందా అని చూడడం. తర్వాత, చాక్లెట్ ముక్కకూ దాని సైజు కొయ్యముక్కకూ తేడా తెలుస్తుందా? 3, 4 సెంటీమీటర్ల గీతల్లో ఏది పొడవు? ఈగకూ సీతాకోకచిలుకకూ తేడా ఏమిటి? చూడడానికి ఒకేలా ఉన్న ఐదు పెట్టెలు 3, 6, 9, 12, 15 గ్రాములవి ఇచ్చి, చేత్తో తూచి వరసలో పెట్టమనేవారు. ఇందులో చదవడం, రాయడం దాదాపు లేదు, కావాలనే పెట్టలేదు. ఎవరూ నేర్పనందువల్ల రానివాడు వేరు, నేర్పినా అందుకోలేనివాడు వేరు. ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదన్నది బినే పట్టుదల.

ఆయన అక్కడితో ఆగలేదు. చరిత్ర పుస్తకాలు త్వరగా దాటేసే భాగం ఇదే కాబట్టి నేను కాసేపు నిలబడతాను. పిల్లవాడి తెలివి పుట్టుకతో వచ్చిన కొలత, అది పెరగదు అనేవాళ్ల మీద బినే 1909లో రాసిన పుస్తకంలో గట్టిగా విరుచుకుపడ్డాడు. వెనకబడ్డ పిల్లలకు ధ్యాస నిలిపే ఆటలు పెట్టించాడు. గురువు సైగ చేయగానే అందరూ ఉన్నవాళ్లు ఉన్నట్టే బొమ్మల్లా నిలబడిపోవాలి. నిండు గిన్నెలో నీళ్లు తొణకకుండా ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి చేర్చాలి. ముందు ఇవి నేర్పి, ఆ తర్వాతే పాఠం. అదే ఏడాది ఫ్రాన్సులో ఇలాంటి పిల్లల కోసం ప్రత్యేక తరగతులకు చట్టం వచ్చింది. 1911లో 54 ఏళ్లకే బినే పోయాడు.

పరీక్ష అట్లాంటిక్ దాటింది, ఆటలు దాటలేదు. అమెరికాలో హెన్రీ గొడార్డ్ 1908లో పరీక్షల్ని ఇంగ్లీషులోకి తెచ్చి, తర్వాత ఎల్లిస్ దీవిలో ఓడ దిగిన వలసవాళ్ల మీద ప్రయోగించాడు. జర్మనీలో విలియం స్టెర్న్ 1912లో, పరీక్షలో పిల్లవాడు ఏ వయసువాళ్లకు సమానంగా చేశాడో తెలిపే మానసిక వయసును అసలు వయసుతో భాగించే పద్ధతి చెప్పాడు. 1916లో స్టాన్‌ఫర్డ్‌లో లూయిస్ టెర్మన్ దాన్ని వందతో హెచ్చించి ఐక్యూ అనే ఒక్క అంకెగా నిలబెట్టాడు. ఆ అంకెను మనుషుల విలువగా చదివినవాళ్లు ఎంతదూరం వెళ్లారంటే, 1927లో అమెరికా సుప్రీంకోర్టు ‘బుద్ధిహీనురాలు’ అని ముద్రపడ్డ క్యారీ బక్ అనే యువతికి బలవంతంగా సంతాన నిరోధక ఆపరేషన్ చేయడం చట్టబద్ధమేనని తీర్పిచ్చింది. ఈ విషయం చెప్పకుండా పరీక్షల చరిత్ర చెప్పడం నాకు న్యాయమనిపించదు.

ఇంకో పాయ ఇంగ్లండ్‌లో అంతకుముందే పుట్టింది. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పెర్సీ అనే 14 ఏళ్ల కుర్రవాడి గురించి రాశాడు. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు. 749ని 867తో గబగబా హెచ్చవేసి తప్పులేకుండా చెప్పాడు. తన పేరు రాయమంటే మాత్రం అక్షరాలు అటూ ఇటూ చేసి ‘ప్రెసీ’ అని రాశాడు. చదువంతా నోటితో చెప్తే బడిలో వీడిని మించినవాడు ఉండడని వాడి మాస్టరే అన్నాడట. ఐక్యూ ఒక్కటే చూసే కళ్లకు పెర్సీ ఎప్పటికీ అంతుపట్టడు. ఎక్కడ బలం, ఎక్కడ లోటు అని విడివిడిగా చూడాలి. డేవిడ్ వెక్స్‌లర్ 1949లో పిల్లల కోసం తెచ్చిన పరీక్షలో మాటలతో చేసేవి, చేతులతో చేసేవి వేరు చేయడం వల్ల ఆ వీలు కలిగింది. 1963లో శామ్యూల్ కిర్క్ షికాగోలో తల్లిదండ్రుల సభలో మాట్లాడిన తర్వాతే ‘అభ్యసన వైకల్యం’ అన్న మాట వాడుకలో స్థిరపడింది. 1975లో అమెరికాలో వైకల్యమున్న ప్రతి పిల్లవాడికీ తగిన చదువు చెప్పాలని చట్టమొచ్చింది.

ఈలోగా కాలిఫోర్నియాలో ఒక దావా నడిచింది. ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషులో పరీక్ష పెట్టి మందబుద్ధుల తరగతిలో వేశారు. వాళ్ల భాషలో మళ్లీ పెడితే ఎక్కువమంది ఆ తరగతికి పెట్టిన గీత దాటారు. 1970లో రాజీ కుదిరింది: పరీక్ష ఇంటి భాషలో జరగాలి.

మన దేశంలో ఈ స్పృహ తొందరగానే వచ్చింది. అప్పట్లో మన దేశంలోనే ఉన్న లాహోర్‌లో హెర్బర్ట్ రైస్ 1920ల్లోనే హిందుస్తానీలో బినే పరీక్షను కట్టాడు. ధార్వాడ్‌లో వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లల కోసం కట్టారు. ఉత్తరప్రదేశ్‌లో సి.ఎం. భాటియా 1955లో, అక్షరం రాని పిల్లలు కూడా చేయగల పరీక్షల సంపుటి తెచ్చారు. నాగపూర్‌లో మాలిన్ వెక్స్‌లర్ పరీక్షను మన పిల్లలకు అనువుగా మార్చారు. 1984లో సికింద్రాబాద్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ మొదలైంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ప్రత్యేక ఇబ్బంది కూడా ఉంది.

చట్టం దాకా వచ్చాం. తెలుగు పిల్లవాడి దగ్గరికి పూర్తిగా రాలేదు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం డిస్లెక్సియా అనే చదివే ఇబ్బంది కోసం చేసిన పరీక్ష మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చింది. మన పిల్లవాడు తడబడే చోట్లు వేరు. ఇంగ్లీషులో ఒకే అక్షరం పదానికో రకంగా పలుకుతుంది. తెలుగులో రాసినదే పలుకుతాం, కాని నేర్చుకోవలసిన గుర్తులు ఎక్కువ. ప, ష, వ పక్కపక్కన పెట్టి చూడండి. గుడి ఉన్నదా, గుడిదీర్ఘమా? ‘పద్మ’లో ఒత్తు ఎవరిది? ‘శాస్త్రం’ అన్నప్పుడు కిందకి దిగిన రెండు ఒత్తుల్లో ఏది ముందు? రెండో తరగతి దాటినా గుణింతం దగ్గర ఆగిపోయేవాణ్ణి, ఇంగ్లీషు అక్షరాలు తిరగేస్తున్నాడా లేదా అని చూసి పంపేస్తే, ‘ఏది రాదో’ మనకు తెలియనే తెలియదు.

ఇక్కడున్న అమ్మానాన్నలకు ఒక మాట. పరీక్ష అయ్యాక చేతికొచ్చే రిపోర్టులో అంకె మాత్రమే ఉంటే సైకాలజిస్టును మళ్లీ అడగండి. పరీక్ష ఏ భాషలో పెట్టారు, చూపు, వినికిడి ముందుగా చూపించారా, బిడ్డ ఏవి బాగా చేశాడు, బళ్లో టీచరు రేపటి నుంచి ఏం మార్చుకోవాలి, ఎన్నాళ్లకు మళ్లీ చూడాలి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి అవసరమే. వాటి కోసమే సర్టిఫికెట్ తీసుకుని, చదవడం నేర్పే పని ఆపేస్తే మాత్రం బిడ్డకు అన్యాయం చేసినట్టే.

ఉపాధ్యాయ మిత్రులను అడగదలచినది ఒకటుంది. ఏ తరగతి తెలుగు పిల్లవాడు నిమిషానికి ఎన్ని మాటలు చదవగలడో, ఏ ఒత్తులు ఏ వయసుకు పట్టుబడతాయో తేల్చే, గోదావరి జిల్లాల పిల్లలకూ పాలమూరు పిల్లలకూ అనంతపురం పిల్లలకూ సరిపోయే కొలత కావాలి. గోండి, కోయ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు వాళ్ల భాషలోనే విడిగా చూడాలి. దీనికి లాబొరేటరీ అక్కర్లేదు. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ప్రతి పిల్లవాడి చేత ఒక పేజీ పైకి చదివించి, తడబడ్డ ప్రతి అక్షరం కింద పెన్సిలుతో గీత పెట్టి, ఆ కాగితాలు జాగ్రత్త చేయాలి. మాస్టారు పనిచేసిన బడితోనే మొదలుపెడదామని ప్రధానోపాధ్యాయులతో మాట్లాడాను, వారు ఒప్పుకున్నారు. రాగలిగినవాళ్లు సభ అయ్యాక పేర్లు ఇవ్వండి.